ఇంట్లో ‘లీకేజీ’ అయితే బీమా డబ్బులు వస్తాయా? ఆ ఒక్క మాటకు నాలుగు అర్థాలు, నాలుగు ఫలితాలు

మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారు. నారాయణఖేడ్‌లో సొంతిల్లు ఉంది. పండక్కి వెళ్లి తాళం తీస్తే హాల్లో చీలమండ లోతు నీళ్లు. వంటింటి గోడలోని పైపు పగిలింది. మంచం, బీరువా అడుగు భాగం, సోఫా, టీవీ స్టాండు అన్నీ నానిపోయాయి. గోడలకు పెట్టిన పుట్టీ ఊడి వస్తోంది. తక్కువలో తక్కువ లక్ష, లక్షన్నర ఖర్చు కళ్ల ముందు కనిపిస్తోంది.

ఇది ఉదాహరణ మాత్రమే. కానీ ఇలాంటిది జరిగినప్పుడు చాలామంది ముందుగా చేసే పని ప్లంబర్‌ను పిలవడం, రెండో పని ఇల్లు కడిగేయడం. ఇంటికి బీమా ఉందన్న సంగతి కొందరికి వారం తర్వాత గుర్తొస్తుంది. అప్పటికి పగిలిన పైపు ముక్క చెత్తబుట్టలోకి, నానిన పరుపు పాత సామాన్ల బండిలోకి వెళ్లిపోయి ఉంటుంది. క్లెయిమ్ ఫారంలో కారణం దగ్గర ‘లీకేజీ’ అని ఒక్క ముక్క రాసి పంపుతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

నారాయణఖేడ్‌లో ఈ ప్రశ్న ఎందుకు?

ఒకప్పుడు మెదక్ జిల్లాలో, 2016 అక్టోబర్ 11 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్న నారాయణఖేడ్ ప్రాంతం తాగునీటి కటకటకు పెట్టింది పేరు. వేసవి వస్తే బిందెలు, ట్యాంకర్ల చుట్టూనే ఊళ్లు తిరిగేవి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథతో మంజీర మీది సింగూరు జలాలు ఇక్కడి నల్లాలకు చేరాయి.

నీళ్లు ఇంటి దాకా వచ్చాక ఇంటి లోపలి ఏర్పాట్లూ మారాయి. కింద సంపు, పైన ప్లాస్టిక్ ట్యాంకు, మధ్యలో మోటారు, గోడల్లో పైపులు. నల్లా వచ్చినప్పుడు నింపుకోవాలి కాబట్టి మోటారు వేసి మరిచిపోవడం ప్రతి ఇంట్లో జరిగేదే. నల్లరేగడి నేల అయితే వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో బీటలు వారుతుంది. ఆ కదలికకు భూమిలోని పైపుల జాయింట్లు సడలుతుంటాయి. నీళ్లు లేని కష్టం తగ్గిన ఇళ్లలో, నీళ్ల వల్ల నష్టం అనే కొత్త ఖర్చు వచ్చి చేరింది.

ఏ పాలసీలో ఈ రక్షణ ఉంటుంది?

దేశంలో గృహ బీమాకు ఒక ప్రామాణిక పాలసీ ఉంది. పేరు ‘భారత్ గృహ రక్ష’. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో, అగ్ని ప్రమాద బీమా వ్యాపారం చేసే సాధారణ బీమా కంపెనీలన్నీ 2021 ఏప్రిల్ 1 నుంచి దీన్ని తప్పనిసరిగా అమ్ముతున్నాయి. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ అనే నాలుగు ప్రభుత్వరంగ సంస్థల దగ్గరా దొరుకుతుంది, ప్రైవేటు కంపెనీల దగ్గరా దొరుకుతుంది. కంపెనీ మారినా మూల నిబంధనలు ఒకటే. ప్రీమియం మాత్రం మారవచ్చు.

అగ్ని ప్రమాదం, భూకంపం, తుపాను, వరద, అల్లర్లు వంటి వాటితో పాటు ఈ పాలసీ జాబితాలో మనకు కావాల్సిన అంశం ఒకటుంది. నీటి ట్యాంకులు, నీటి పరికరాలు, పైపులు పగలడం లేదా పొంగిపొర్లడం వల్ల జరిగే నష్టం. దీనికి విడిగా అదనపు ప్రీమియం కట్టక్కర్లేదు. మూల పాలసీలోనే ఉంది.

అయితే జాబితా కంటే ముందు వచ్చే ఒక షరతు కీలకం. ఆ నష్టం ‘అనుకోని సంఘటన’ వల్ల, పాలసీ అమల్లో ఉన్న కాలంలో జరిగి ఉండాలి.

‘లీకేజీ’ అంటే ఏది?

మన మాటల్లో నీళ్లు కారితే అంతా లీకేజీయే. పాలసీ భాషలో అలా కుదరదు. సర్వేయర్ ముందు అది నాలుగు రకాలుగా విడిపోతుంది.

1. పైపు లేదా ట్యాంకు పగలడం: గోడలోని పైపు ఒక్కసారిగా పగిలింది, పైన ట్యాంకు చీలింది. ఇది నేరుగా జాబితాలో ఉంది.

2. ట్యాంకు పొంగడం: బాల్ వాల్వ్ ఇరుక్కుపోయి నీళ్లు పొర్లి మెట్ల మీదుగా ఇంట్లోకి వచ్చాయి. ఇదీ జాబితాలో ఉంది. కానీ ఇంటిని తగినంత జాగ్రత్తగా చూసుకోవడం పాలసీదారు బాధ్యత. వాల్వ్ పాడైందని తెలిసీ నెలల తరబడి వదిలేశారని తేలితే పేచీ రావచ్చు.

3. వాన నీరు, వరద నీరు: కాలువ పొంగి వీధిలోంచి నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి జిల్లాలను ముంచిన వానల వంటివి ఈ కోవలోకి వస్తాయి. దీనికి రక్షణ ఉంది, కానీ ‘వరద, ముంపు’ అనే వేరే అంశం కింద. క్లెయిమ్‌లో పైపు గురించి రాస్తే కారణం, నష్టం పొంతన కుదరవు.

4. ఉరవడం, చెమ్మ: స్లాబు ఉరుస్తోంది. బాత్రూం గోడ అవతల పక్క ఏడాదిగా చెమ్మ పడుతోంది. ఇది నెమ్మదిగా సాగిన పాడు. ఒక తేదీ, ఒక సంఘటన చూపించలేం. నిర్వహణ లోపంగా చూసి కంపెనీలు సాధారణంగా తిరస్కరించేది దీన్నే.

మొదటి రకం నష్టం జరిగిన ఇల్లు కూడా ఫారంలో ‘లీకేజీ వల్ల గోడలు పాడయ్యాయి’ అని రాస్తే నాలుగో రకంలా కనిపిస్తుంది. ‘ఫలానా తేదీ ఉదయం వంటింటి గోడలోని పైపు పగిలి ఉండటం చూశాం. నీళ్లు హాల్లోకి చేరాయి’ అని రాస్తే ఏం జరిగిందో స్పష్టంగా తెలుస్తుంది. జరిగింది జరిగినట్టు, తేదీతో, చోటుతో రాయండి. లేనిది కల్పించవద్దు. పాత మరకకు, కొత్త తడికి తేడాను సర్వేయర్లు ఇట్టే పసిగడతారు. అబద్ధం బయటపడితే ఆ భాగం ఒక్కటే కాదు, మొత్తం క్లెయిమ్ పోతుంది.

ఎంత వస్తుంది? ఏవి రావు?

ఇంటి కట్టడానికి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియా, నిర్మాణ ఖర్చు ఆధారంగా లెక్కిస్తారు. స్థలం విలువ ఇందులోకి రాదు. కార్పెట్ ఏరియా 900 చదరపు అడుగులు, నిర్మాణ ఖర్చు అడుగుకు 2,000 రూపాయలు అనుకుందాం. కట్టడానికి బీమా 18 లక్షలు. కట్టడంతో పాటు ఇంట్లోని సామగ్రికి అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, జాబితా ఇవ్వకుండానే రక్షణ వస్తుంది. మన ఉదాహరణలో అది 3.60 లక్షలు. అంతకు మించి కావాలంటే వివరాలు ఇచ్చి తీసుకోవాలి. నగలు, కళాఖండాల వంటి విలువైన వాటికి విడిగా ఎంచుకునే రక్షణ ఉంటుంది.

పాలసీని పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే కట్టడం బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. పాత తరహా పాలసీల్లో ఇంటిని తక్కువ విలువకు బీమా చేస్తే, నష్టంలోనూ అదే నిష్పత్తిలో కోత వేసేవారు. భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు. బీమా మొత్తం దాటకుండా అసలు నష్టం చెల్లిస్తారు.

ఇక రానివి చూద్దాం.

• షార్ట్ సర్క్యూట్‌తో కాలిన మోటారు లేదా ఫ్రిజ్: విద్యుత్ లోపం వల్ల ఆ యంత్రానికే జరిగిన నష్టం ఈ పాలసీలో రాదు. నీళ్లలో నాని పాడైన సామగ్రి సంగతి వేరు. పాడవడానికి కారణం నీళ్లా, కరెంటా అన్నది రాతపూర్వకంగా ఉండాలి.

• పరోక్ష నష్టం: ఇల్లు బాగు చేయించుకోవడానికి పెట్టిన సెలవులు, పోయిన ఆదాయం రావు. అయితే ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే, వేరే చోట ఉండటానికి కట్టే అద్దెకు నిబంధనల మేరకు రక్షణ ఉంది.

• చెప్పకుండా కట్టిన అదనపు గదులు: పాలసీ తీసుకున్నాక కార్పెట్ ఏరియా 10 శాతానికి మించి పెంచి, కంపెనీకి చెప్పి అదనపు ప్రీమియం కట్టకపోతే ఆ కొత్త భాగానికి రక్షణ ఉండదు. కింద ఇల్లు కట్టి, రెండేళ్లకు పైన గదులు వేసుకునే మన అలవాటుకు ఇది నేరుగా తగిలే నిబంధన.

• కింది వాటా వారి నష్టం: మీ పైపు పగిలి కింది ఇంటి పైకప్పు పాడైతే, వారికి మీరు చెల్లించాల్సిన పరిహారం మూల పాలసీలో లేదు. వారికి సొంత పాలసీ ఉంటే దానిలో క్లెయిమ్ చేసుకోవచ్చు.

అద్దెకుండేవారు కట్టడం జోలికి పోకుండా సామగ్రికి మాత్రమే పాలసీ తీసుకోవచ్చు.

మొదటి 24 గంటల్లో ఏం చేయాలి?

ముందు మెయిన్ స్విచ్, తర్వాత నీటి వాల్వ్. తడి నేల మీద స్విచ్‌ల జోలికి వెళ్లవద్దు. ప్రాణం తర్వాతే పాలసీ. ఆ తర్వాత వరస ఇదీ.

• తుడవడానికి ముందే ఫోన్‌లో వీడియో తీయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి నీళ్లు వస్తున్న చోటు దాకా ఒకే వీడియోగా తీస్తే మేలు. నీటి మట్టం తెలిసేలా గోడ పక్కన ఒక స్కేలో, బకెట్టో పెట్టండి.

• పగిలిన పైపు ముక్కను, పాడైన వాల్వ్‌ను దాచండి. ప్లంబర్ చేత ఏది, ఎక్కడ, ఎలా పగిలిందో బిల్లు మీదే రెండు వాక్యాలు రాయించి సంతకం తీసుకోండి. పైపు మార్చిన ఖర్చును, గోడలు, సామగ్రి బాగు చేసిన ఖర్చును వేర్వేరు బిల్లులుగా తీసుకోండి. పాలసీ ప్రధానంగా చూసేది నీళ్లు చేసిన నష్టాన్ని.

• కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు గానీ, యాప్‌లో గానీ వెంటనే సమాచారమిచ్చి క్లెయిమ్ నంబరు రాసుకోండి. నష్టాన్ని మీరు మొదట గమనించిన రోజు నుంచి 30 రోజుల్లోగా క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. తాళం వేసిన ఇళ్లకు ‘గమనించిన రోజు’ అన్న మాట ఊరట. కానీ ఇల్లు ఎక్కువ కాలం ఖాళీగా ఉంచడంపై కొన్ని పాలసీల్లో షరతులుంటాయి. మీ పత్రంలో చూసుకోండి.

• నష్టం పెరగకుండా చూడటం మీ బాధ్యతే. నీళ్లు తోడేయండి, సామాన్లు ఆరబెట్టండి. పారేయడం, అమ్మేయడం మాత్రం సర్వేయర్ చూసే దాకా ఆపండి.

• పగిలింది వీధిలోని సరఫరా పైపు అయితే మున్సిపల్ కార్యాలయంలో, పల్లెల్లో గ్రామ పంచాయతీలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పైపు బాగుపడటానికి ఎంత అవసరమో, తేదీకి సాక్ష్యంగానూ ఆ కాగితం అంతే అవసరం. స్పందన లేకపోతే సోమవారాల్లో సంగారెడ్డి కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వవచ్చు.

కంపెనీకి ఉన్న గడువులేమిటి?

ఇక్కడే చాలామంది తమ హక్కు తెలియక నెలల తరబడి ఎదురుచూస్తారు. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సర్వేయర్ అవసరమైన క్లెయిమ్‌లలో, సమాచారం అందిన 24 గంటల్లో కంపెనీ సర్వేయర్‌ను నియమించాలి. సర్వేయర్ 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. కేవలం పత్రాలు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని కూడా అదే సర్క్యులర్ చెబుతోంది. పాలసీ ఇచ్చేటప్పుడే కావాల్సినవి అడిగి ఉండాలన్నది దాని ఉద్దేశం.

సర్వేయర్ వచ్చిన రోజు ఇంట్లో విషయం తెలిసిన మనిషి ఉండాలి. ఊళ్లో అమ్మానాన్న ఒక్కరే ఉంటే, మీరు వీడియో కాల్‌లోనైనా ఉండండి. ఆయన ఏం చూశారు, ఏ కాగితాలు తీసుకున్నారు అన్నది అదే రోజు కంపెనీకి ఈమెయిల్ చేయండి. సర్వే నివేదిక ప్రతి అడిగి తీసుకోండి.

సర్వేయర్ తక్కువ లెక్క కట్టినంత మాత్రాన కథ ముగిసినట్టు కాదు. సర్వేయర్ నివేదికే తుది మాట కాదని న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అది లారీ బీమా కేసే అయినా సూత్రం ఇంటికీ వర్తిస్తుంది. మీ బిల్లులు, ఫొటోలు, మేస్త్రీ అంచనా వేరే లెక్క చూపిస్తే వాటిని ముందు పెట్టవచ్చు.

తిరస్కరిస్తే ఎక్కడికి వెళ్లాలి?

మొదట కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో చెప్పిన ‘రాదండీ’ చెల్లదు. ఈ లేఖ ఎందుకంత ముఖ్యమంటే, తిరస్కరణ లేఖలో లేని కొత్త కారణాన్ని కంపెనీ ఆ తర్వాత వినియోగదారుల కమిషన్ ముందు లేవనెత్తకూడదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. లేఖలో ‘చెమ్మ పాతది’ అని మాత్రమే ఉంటే, మీరు జవాబు చెప్పాల్సింది ఆ ఒక్క మాటకే.

తర్వాతి మెట్లు ఇవి.

1. కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయండి. రెండు వారాల్లో జవాబు రావాలి.

2. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లో గానీ, 155255 నంబరులో గానీ ఫిర్యాదు నమోదు చేయండి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉన్నా, అక్కడిదాకా తిరగాల్సిన పనిలేదు. ఇది కంపెనీని కదిలిస్తుంది. పరిహారం ఎంతో తేల్చే తీర్పు మాత్రం ఇక్కడ ఉండదు.

3. తీర్పు కావాలంటే బీమా అంబుడ్స్‌మన్. తెలంగాణకు హైదరాబాద్ కార్యాలయమే. 50 లక్షల రూపాయల లోపు వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీకి ఫిర్యాదు చేసి నెల దాటాక, లేదా కంపెనీ తిరస్కరించాక ఏడాదిలోపు వెళ్లాలి. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. అక్కడి తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి.

4. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. ఫీజును చెల్లించిన ప్రీమియం బట్టి లెక్కిస్తారు. అది 5 లక్షల లోపుంటే ఫీజే లేదు. మామూలు ఇళ్ల పాలసీలన్నీ దాదాపు ఇందులోకే వస్తాయి.

ఒక జాగ్రత్త. అదే విషయంపై కమిషన్‌లో కేసు వేశాక అంబుడ్స్‌మన్ తీసుకోరు. కాబట్టి వరస తప్పవద్దు.

మీకు తెలియకుండానే పాలసీ ఉందేమో!

ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు రుణం తీసుకున్నారా? అయితే రుణ పత్రాల కట్టలో గృహ బీమా పాలసీ ఉండే అవకాశం బాగా ఉంది. తాకట్టు ఉన్న ఇంటికి బ్యాంకులు సాధారణంగా బీమా చేయిస్తాయి. ప్రీమియం మీ ఖాతాలోంచో, రుణం మొత్తంలోంచో పోతుంది. లోన్ స్టేట్‌మెంట్‌లో ‘ఇన్సూరెన్స్’ పేరుతో కోత ఉందేమో చూడండి. ఉంటే మూడు విషయాలు అడగండి. అది ఇంటికా, లేక రుణగ్రహీత ప్రాణానికా? కట్టడానికేనా, సామగ్రికి కూడానా? గడువు ఎప్పటి దాకా? ఇలాంటి పాలసీల్లో బ్యాంకు పేరు కూడా ఉంటే కట్టడం తాలూకు పరిహారం ముందు బ్యాంకుకు వెళ్లవచ్చు. మరమ్మతుకు ఆ డబ్బు ఎలా విడుదల చేస్తారో కూడా తెలుసుకోండి.

కొత్తగా తీసుకునేవారు ఒకటి గమనించాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ ఎత్తేశారు. ఆ మినహాయింపు గృహ బీమాకు లేదు. 18 శాతం జీఎస్టీ ప్రీమియంపై కలుస్తుంది.

ఈ ఆదివారం ఊరికి వెళ్తే ఒక పని చేయండి. ఇంట్లోని ప్రతి గదిని, పైన ట్యాంకును, కింద సంపును, మోటారును ఫోన్‌తో ఒక వీడియో తీసి, పాలసీ పత్రం ఫొటోతో పాటు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచండి. గోడ మీద అప్పటికే చెమ్మ మరకలుంటే వాటినీ తీయండి, బాగు చేయించండి. రేపు పైపు పగిలి సర్వేయర్ వచ్చి ‘ఈ మరక పాతదా, కొత్తదా’ అని అడిగినప్పుడు, మీ తరఫున జవాబు చెప్పేది ఆ వీడియోయే.